లడ్డూకి క్యాల్షియం వద్దు, మిన్నుకి పెరుగన్నం చాలదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నెల్లూరు. పెళ్ళయి చెన్నై వచ్చి ఆరేళ్ళయింది, మడిపాక్కంలో ఉంటున్నాం. ఇంట్లో ఐదు నెలల లాబ్రడార్ పిల్ల లడ్డూ, ఏడాదిన్నర పిల్లి మిన్ను ఉన్నాయి. లడ్డూ 15 కిలోలు ఉన్నాడు. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం అని రాసి ఉన్న డ్రై ఫుడ్ రోజుకు 350 గ్రాములు, మూడు పూటలుగా పెడుతున్నాం. ఎముకలు గట్టిపడాలంటే తప్పదని పెట్ షాపు అతను క్యాల్షియం సిరప్, మల్టీవిటమిన్ మాత్రలు, బొచ్చు రాలకుండా ఇంకో సీసా ఇచ్చాడు. అన్నీ కలిపి నెలకు 1,800 రూపాయలు. అయినా బొచ్చు రాలుతూనే ఉంది. మిన్ను సంగతి మా అత్తయ్య గారు చూసుకుంటారు. మా ఇంట్లో నాన్‌వెజ్ వండం. అది పాలు, పెరుగన్నం తింటుంది, అప్పుడప్పుడు ట్యూబులో వచ్చే క్రీమ్ లాంటిది నాకుతుంది. ఈ మధ్య కాస్త నీరసంగా ఉంటోంది. దానికీ ఏదైనా టానిక్ పట్టాలేమో. ఇంకో మాట. అత్తయ్య గారికి డాక్టర్ వారానికొకటి చొప్పున విటమిన్ డి సాచెట్ రాశారు. మనుషులు తాగేదే కదా, సగం లడ్డూ పాలల్లో కలపనా అని అడుగుతున్నారు. అసలు వీటికి విటమిన్లు అవసరమా? ఒక పాఠకురాలు, చెన్నై.

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగదు. ఆ సాచెట్ కలపకండి. సగం వద్దు, పావు వద్దు, అడుగున మిగిలిన పొడి కూడా వద్దు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, అత్తయ్య గారికి కూడా చదివి వినిపించండి. ఆ సాచెట్ మీద 60,000 యూనిట్లు అని ఉంటుంది. బరువులో చెప్పుకుంటే అది ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంతేనా అనిపిస్తుంది, నిజమే, ఆవగింజ కన్నా తక్కువ. కానీ కుక్కల్లో విటమిన్ డి వికటించడం కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దగ్గరే మొదలవ్వచ్చు. లడ్డూ 15 కిలోలు. పదిహేనుని 0.1తో గుణిస్తే ఒకటిన్నర. అంటే ఒక సాచెట్ సరిగ్గా గీత మీద నిలబెడుతుంది. అదే సాచెట్ మూడు కిలోల మిన్ను నాకితే కిలోకు అర మిల్లీగ్రాము పడుతుంది, గీత దాటి చాలా దూరం వెళ్ళిపోతుంది. సగమే కదా అంటారేమో. ఈ విటమిన్ నీళ్ళలో కరిగి మూత్రంలో పోయే రకం కాదు. కొవ్వులో చేరి అక్కడే కూర్చుంటుంది. వారం వారం సగం పోస్తూ పోతే పోగుపడుతుంది. రక్తంలో క్యాల్షియం పెరిగి, అది కిడ్నీల్లో పేరుకుని, వాటిని పాడుచేస్తుంది. కొన్ని దేశాల్లో ఎలుకల మందుగా అమ్మేది ఈ విటమిన్ డి-నే అని చెబితే అత్తయ్య గారు ఇక అడగరనుకుంటాను.

సాచెట్లు ఎక్కడ పెడుతున్నారో కూడా ఒకసారి చూడండి. డైనింగ్ టేబుల్ మీద మందుల డబ్బా, దాని పక్కనే కుర్చీ ఉంటే లాబ్రడార్‌కి అది మెట్లదారి. ఇవి కాగితంతో సహా మింగేస్తాయి. అలా జరిగితే ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, అది ఇంకో ప్రమాదం. ఖాళీ కవరు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వాంతులు, ఎక్కువ నీళ్ళు తాగడం, ఎక్కువ మూత్రం, తిండి మానేయడం లాంటివి బయటపడడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అప్పటిదాకా బాగానే ఉంది కదా అని కూర్చోకూడదు. మనుషుల కోసం వచ్చే జెల్లీ బిళ్ళల్లాంటి విటమిన్లూ ఇదే లెక్క. చక్కెర బదులు జైలిటాల్ వేసినవి ఉంటాయి. అది కుక్క రక్తంలో షుగర్‌ని ఒక్కసారిగా పడగొడుతుంది, లివర్‌ని దెబ్బతీస్తుంది.

మరి విటమిన్ డి ఎక్కడి నుంచి వస్తుంది, ఎండలో పడుకోబెడితే సరిపోతుందా అని కొందరు అడుగుతారు. మనకు చర్మం మీద ఎండ పడితే తయారవుతుంది. కుక్కకీ పిల్లికీ చర్మంలో ఆ పని సరిగ్గా జరగదు. తిండిలోంచే రావాలి. మిన్ను బాల్కనీలో ఎండ కాచుకోవడం దాని సుఖం కోసం, అంతే.

ఇప్పుడు లడ్డూ దగ్గరికి వద్దాం. నేను తిరుపతిలో చదువుకుని 1990లలో మద్రాసు వచ్చి ప్రాక్టీసు పెట్టినప్పుడు, కుక్కపిల్ల వచ్చిందంటే టీకా వేసి, నట్టల మందు పట్టి, చేతిలో క్యాల్షియం సీసా పెట్టి పంపేవాణ్ణి. ఒక్కరికి కూడా మానినట్టు గుర్తు లేదు. అప్పట్లో దానికి కొంత అర్థం ఉండేది. ఇళ్ళలో కుక్కకు పెట్టేది పాలన్నం, సాంబారన్నం, ఆదివారం నాడు మాంసం కొట్టులో అడిగి తెచ్చిన చిల్లర ముక్కలు. తర్వాత గిన్నెలో తిండి మారింది, ప్యాకెట్ ఫుడ్ వచ్చింది. చీటీ మీద క్యాల్షియం మాత్రం అలాగే ఉండిపోయింది. మా వాళ్ళు రాయడం తగ్గించారు, ఆ అలవాటుని పెట్ షాపులు అందుకున్నాయి.

మీరు పెడుతున్న ఫుడ్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. సన్న అక్షరాల్లో క్యాల్షియం శాతం ఉంటుంది. అది 1.2 శాతం అనుకుందాం. 350 గ్రాముల్లో 4.2 గ్రాముల క్యాల్షియం వచ్చేసింది. ఆ కంపెనీ వాళ్ళు ఈ లెక్క చూసుకునే కలిపారు. అమెరికాలో ఫుడ్ ప్రమాణాలు చూసే ఆఫ్కో అనే సంఘం, పెద్దయ్యాక 32 కిలోల దాకా లేదా అంతకు మించి పెరిగే జాతుల పిల్లల ఫుడ్‌లో క్యాల్షియం 1.8 శాతం దాటకూడదని ఒక గీత గీసింది. మిగతా కుక్కలకు ఆ గీత 2.5. చిన్నదానికి ఎక్కువ ఒప్పుకుని పెద్దదానికి తక్కువ ఒప్పుకోవడం వింతగా లేదూ? పెద్ద ఎముకలకు ఎక్కువ కావాలి కదా అని మనం అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

వయసొచ్చిన కుక్క పేగులకు ఒక తెలివి ఉంటుంది. క్యాల్షియం ఎక్కువైతే తీసుకోవడం తగ్గించి మిగతాది బయటికి పంపేస్తాయి. ఐదారు నెలల లోపు పిల్లలకు ఆ తెలివి ఇంకా రాదు. వచ్చిందంతా లోపలికి తీసుకుంటూనే ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ పిల్లలకు ఎక్కువ క్యాల్షియం పెట్టి చూశారు. ఎముకలు గట్టిపడలేదు సరికదా, ఎముక కొసల దగ్గర మృదులాస్థి సరిగ్గా ఎముకగా మారలేదు, కీళ్ళు పాడయ్యాయి, ముంగాళ్ళు వంకరపోయాయి. ఏ వంకర రాకూడదని మన వాళ్ళు సీసా పడుతున్నారో సరిగ్గా ఆ వంకరే.

దీంట్లో ఒక విషవలయం కూడా ఉంది. సిరప్ పట్టి కాళ్ళు కాస్త వంగగానే, చూశారా, క్యాల్షియం చాలడం లేదని మోతాదు పెంచుతారు. నడక తేడాగా ఉన్నా, మణికట్టు దగ్గర ఉబ్బుగా కనిపించినా, లేచేటప్పుడు కుంటినా ఎక్స్‌రే తీయించాలి. సీసా పెంచకూడదు. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1903 నుంచి ఉన్న కాలేజీ అది, అక్కడ ఇలాంటివి చూసి చూసి చేయి తిరిగిన వాళ్ళుంటారు. ఉదయాన్నే వెళ్ళండి, లైను పెద్దది.

కాబట్టి లడ్డూకి సిరప్ ఈ రోజు నుంచే ఆపేయండి. మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. మల్టీవిటమిన్ మాత్రలూ ఆపండి, అవన్నీ ఫుడ్‌లో ఉన్నాయి. విటమిన్ సి కోసం నిమ్మకాయలు, ఉసిరికాయల దాకా పోయేవాళ్ళను చూశాను. కుక్కా పిల్లీ తమ లివర్‌లో తామే విటమిన్ సి చేసుకుంటాయి. ఈ ఒక్క విషయంలో అవి మనకన్నా నయం.

క్యాల్షియం అసలు ఎవరికీ వద్దని కాదు. ఒక సంగతి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం పురసైవాక్కం నుంచి ఒకాయన తెల్లటి పొమేరియన్ పిల్లను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. నాలుగు నెలలది. ఎత్తుకుంటే కుయ్యో అంటోంది. సోఫా మీంచి దూకిందట, అంతే, తొడ ఎముక విరిగింది. సోఫా ఎత్తు ఎంత ఉంటుంది? ఎక్స్‌రే దీపం ముందు పెడితే ఎముక నీడలా ఉంది, చుట్టూ ఉన్న కండకూ దానికీ తేడా తెలియడం లేదు. ఏం పెడుతున్నారంటే ఆయన గర్వంగా చెప్పాడు. "బోన్‌లెస్ చికెన్ తప్ప ఇంకోటి పెట్టం సార్, గొంతులో ఎముక గుచ్చుకుంటుందని." ప్రేమతోనే పెట్టాడు. కానీ ఎముక లేని వంద గ్రాముల కోడి మాంసంలో క్యాల్షియం పది మిల్లీగ్రాముల చిల్లర, ఫాస్ఫరస్ రెండు వందల దాకా ఉంటుంది. ఆ రెండూ సమానంగానో, క్యాల్షియం ఒకటికి రెండు దాకా ఎక్కువగానో ఉండాల్సింది పోయి ఒకటికి ఇరవైగా తలకిందులైంది. రక్తంలో క్యాల్షియం పడిపోతే గుండె ఆగుతుంది కనుక శరీరం దాన్ని ఎముకల్లోంచి తవ్వుకుంటుంది. నాలుగు నెలల పిల్లకు నాలుగు నెలల ఎముకే కదా ఉండేది, అదంతా తోడేసుకుంది. ఆ పిల్లకు క్యాల్షియం కావాలి, ఇచ్చాం, తిండి మార్చాం, కొన్ని వారాలు బోనులోనే ఉంచమన్నాం. నిలబడింది.

ఆ పొమేరియన్‌కి మందైంది లడ్డూకి విషమయ్యేది. తేడా గిన్నెలో ఉంది. అందుకే నా దగ్గరికి ఎవరైనా వచ్చి ఏ టానిక్ మంచిదని అడిగితే, నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం పెట్టారో వరసగా చెప్పమంటాను. చాలామంది పెడిగ్రీ పేరు, టీకాల కార్డు చూపిస్తారు కానీ ఇది చెప్పడానికి తడబడతారు. బిస్కెట్లు, పక్కింటి మామి వేసే ఇడ్లీ లెక్కలోకి రావన్నట్టు మాట్లాడతారు.

ఇక మిన్ను. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది లడ్డూ కాదు, మిన్ను. మీరు దాని గురించి నాలుగు ముక్కలే రాశారు.

మీ ఇంటి నుంచి గంటన్నర ప్రయాణంలో మహాబలిపురం ఉంది. అర్జునుడి తపస్సు అని చెప్పే ఆ పెద్ద బండ మీద ఒక పిల్లి ఉంటుంది, చూసే ఉంటారు. వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తుంటుంది. దాని చుట్టూ ఎలుకలు నమ్మకంగా తిరుగుతుంటాయి. పల్లవుల కాలపు శిల్పికి పిల్లి సంగతి తెలుసు, ఆ నవ్వు మనదాకా వచ్చింది. మనమే ఇంట్లో పిల్లి చేత నిజంగా తపస్సు చేయిస్తున్నాం.

కుక్క కొంత సర్దుకుపోతుంది. సరిగ్గా కూర్చిన శాకాహారం మీద కుక్క బతకగలదు. పిల్లి ఒళ్ళు అలా లేదు. అది వేల తరాలుగా మాంసం మీదే బతికింది కనుక, మాంసంలో రెడీమేడ్‌గా దొరికేవాటిని సొంతంగా తయారుచేసుకునే యంత్రాలను శరీరం వదిలేసింది. క్యారెట్ తింటే కుక్క అందులోంచి విటమిన్ ఎ చేసుకుంటుంది, పిల్లి చేసుకోలేదు. దానికి జంతువుల నుంచి వచ్చే విటమిన్ ఎ-నే కావాలి. నియాసిన్ అనే బి విటమిన్ కూడా తనకు చాలినంత చేసుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యం టారిన్. ఇది విటమిన్ కాదు, మాంసంలోనూ చేపల్లోనూ ఉండే ఒక పదార్థం. అన్నంలో లేదు, పప్పులో లేదు, పాలల్లో ఉన్నది దానికి ఏమూలకూ చాలదు.

టారిన్ లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. పిల్లులకు కంటి వెనక పొర పాడై చూపు పోతోందని 1970లలోనే పట్టుకున్నారు. గుండె సంగతి ఆలస్యంగా తెలిసింది. గుండె బెలూన్‌లా సాగి, గోడలు పల్చబడి, రక్తాన్ని నెట్టలేక పిల్లులు చనిపోతుంటే, మంచి ఫుడ్ తినే పిల్లులకు ఇదేంటని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1987లో తేల్చారు, కారణం టారిన్ తక్కువ కావడమేనని. టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంది. ఆ తర్వాత కంపెనీలు ఫుడ్‌లో టారిన్ పెంచాయి, ఆ జబ్బు చాలా వరకు తగ్గిపోయింది. గుండె కోలుకుంటుంది కానీ పోయిన చూపు రాదు. అది గుర్తుపెట్టుకోవాలి.

మిన్ను నీరసానికి ఇదే కారణమని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. నట్టలు ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. కానీ ఏడాదిన్నరగా పెరుగన్నం మీద ఉన్న పిల్లిని ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించాలి. కళ్ళు, గుండె చూడమని, రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. ఇంట్లో ఒకటి గమనించండి. పగటి వెలుతురులో కూడా కంటిపాప గుండ్రంగా, పెద్దగా విచ్చుకునే ఉంటోందా? కిటికీ మీదికి దూకేటప్పుడు ఒకసారి కాకుండా రెండు మూడుసార్లు అంచనా వేసుకుంటోందా? ఊపిరి వేగంగా, పక్కలు ఎగిరేలా తీసుకుంటుంటే మాత్రం వారం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి. టారిన్ తక్కువని అనుమానం వస్తే డాక్టర్లే టారిన్ మాత్రలు రాస్తారు. పెట్ షాపులో దొరికే మల్టీవిటమిన్ సిరప్ ఆ పని చేయదు. పెరుగన్నం మీద విటమిన్ చుక్కలు చల్లినా అది పెరుగన్నమే. అందులో లేనిది మాంసకృత్తులు, టారిన్, ఇంకా బోలెడు.

నాన్‌వెజ్ వండని ఇంట్లో ఏం చేయాలి? వండక్కర్లేదు. పిల్లుల డ్రై ఫుడ్ చూడడానికి అటుకుల మిక్స్చర్‌లా ఉంటుంది. యుటిలిటీలో వేరే గిన్నె, వేరే స్కూప్ పెట్టుకుంటే వంటింటి మడికి ఏ ఇబ్బందీ రాదు. నాకు తెలిసిన తెలుగు వాళ్ళ ఇళ్ళు, తమిళ అయ్యర్ల ఇళ్ళు ఎన్నో ఇలాగే సర్దుకున్నాయి. అత్తయ్య గారికి పిల్లి అంటే ప్రేమ కాబట్టి ఒప్పుకుంటారు. పెరుగన్నం దాని ప్రాణం అంటే, కడుపుకు పడుతుంటే ఒక చెంచా పెట్టనివ్వండి, ముద్దగా కాదు, ముచ్చటగా. పాలు మాత్రం పెద్ద పిల్లులకు చాలావాటికి పడవు, విరేచనాలవుతాయి.

ఫుడ్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఒక్క మాట వెతకండి. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని, ఏ వయసుకో దానితో పాటు రాసి ఉండాలి. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది కడుపు నింపే తిండి కాదు, పక్కన నంజుకునేది మాత్రమే. మిన్ను నాకే ట్యూబు క్రీములు దాదాపు అన్నీ ఈ రెండో రకమే. కొన్ని గ్రేవీ పౌచ్‌లు కూడా. రెండూ ఒకే అరలో, ఒకే బొమ్మ పిల్లితో ఉంటాయి.

మాంసం తినే ఇళ్ళవాళ్ళు కూడా ఇది చదువుతారు కనుక ఒక మాట. పిల్లికి మాంసం కావాలన్నాడు కదా అని రోజూ కార్జం పెట్టేవాళ్ళుంటారు, చవకగా వస్తుందని, అదీ ఇష్టంగా తింటుందని. కార్జంలో విటమిన్ ఎ గుట్టలుగా ఉంటుంది. నెలల తరబడి అదే పెడితే మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి పిల్లి ఒళ్ళు నాక్కోలేదు, తల తిప్పి చూడలేదు, మనిషి పిలిస్తే ఒళ్ళంతా తిప్పుతుంది. వారంలో ఒకసారి చిన్న ముక్క వేరు, రోజూ గిన్నెడు వేరు. కాశిమేడు నుంచి చవకగా తెచ్చిన పచ్చి చేపలు అలాగే వేసేవాళ్ళకు కూడా చెప్తున్నాను, కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది. పచ్చి గుడ్డు తెల్లసొన కూడా అంతే, బయోటిన్ అనే బి విటమిన్‌ని పట్టేసుకుంటుంది. బొచ్చు మెరుస్తుందని పచ్చి గుడ్లు కొట్టి పోస్తుంటారు. బొచ్చుకు కావలసిందే పోగొట్టుకుంటున్నారన్నమాట. ఉడకబెట్టి పెట్టండి.

బొచ్చు మాట వచ్చింది కాబట్టి లడ్డూ మూడో సీసా గురించి. లాబ్రడార్‌కి బొచ్చు రాలుతుంది. అది దాని స్వభావం. నల్ల ప్యాంటు వేసుకున్న రోజున ఇంకా ఎక్కువ రాలినట్టు కనిపిస్తుంది. రోజూ పది నిమిషాలు దువ్వితే నేల మీద పడేది దువ్వెనకు వస్తుంది. ఆ సీసాతో మీకు ఒరిగేదేమీ లేదు. ఒంటి మీద అక్కడక్కడ నున్నగా బోడులు పడుతున్నా, గోక్కుంటున్నా, వాసన వస్తున్నా అది వేరే సంగతి. పిడుదులు, గజ్జి, ఫంగస్, అలర్జీ, ఏదో ఒకటి ఉంటుంది. మన చెన్నై ఉక్కలో ఇవన్నీ ఏడాది పొడవునా ఉంటాయి. వీటిలో దేనికీ విటమిన్ మందు కాదు.

టానిక్ చేసే పెద్ద నష్టం కిడ్నీకో ఎముకకో కాదు, రోజులకు. ఓ కుటుంబం తమ కుక్క నీరసంగా ఉందని మూడు వారాలు రక్తం పట్టే టానిక్ పట్టింది. నేను పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గోడకు వేసిన సున్నంలా తెల్లగా ఉన్నాయి. చెవి వెనక పిడుదులు గుత్తిగా ఉన్నాయి. టిక్ ఫీవర్. రక్తం పిడుదు తెచ్చిన క్రిమి వల్ల పోతుంటే పైనుంచి ఐరన్ పోస్తున్నారు. ఆ మూడు వారాలు మొదట్లోనే మందు పడి ఉంటే ఆ కుక్క అంత బాధపడేది కాదు. లడ్డూ పెదవి ఇవాళే ఎత్తి చూడండి. బాగున్నప్పటి గులాబీ రంగు మీ కంటికి అలవాటైతే, బాగాలేని రోజున వెంటనే తెలుస్తుంది. పిడుదులకు వెల్లుల్లి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఉల్లి, వెల్లుల్లి రెండూ వీటి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, పిల్లికి మరీను.

ఇంత చెప్పాక, డాక్టర్ విటమిన్ రాస్తే మీరు అనుమానపడకూడదు. రాయాల్సిన సందర్భాలు ఉన్నాయి. ఎలుకల మందు తిన్న కుక్కకు, ఆ మందు రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే, విటమిన్ కె1 ప్రాణం నిలబెడుతుంది, వారాల పాటు ఇస్తాం. పేగు జబ్బుతో నెలల తరబడి విరేచనాలయ్యే పిల్లికి బి12 ఇంజెక్షన్లు వేస్తాం, ఎందుకంటే తిన్నదాంట్లోంచి అది ఎక్కడం లేదు. జర్మన్ షెపర్డ్‌లలో క్లోమం ఎండిపోయే జబ్బు వస్తుంది, వాటికీ బి12 కావాలి. హస్కీలకు కొన్నిటికి జింక్ సరిగ్గా వంటబట్టక కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ చర్మం పెచ్చులు కడుతుంది. (హస్కీని చెన్నైలో పెంచడం గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది.) కీళ్ళనొప్పులున్న ముసలి కుక్కలకు చేప నూనె కొంత పనిచేస్తుంది. అయితే చేప నూనె, కాడ్ లివర్ ఆయిల్ ఒకటి కావు. రెండోదాంట్లో విటమిన్ ఎ, డి రెండూ ఉంటాయి, పైన చెప్పిన కథలే మళ్ళీ మొదలవుతాయి. చూడికుక్కకు ముందు జాగ్రత్తని క్యాల్షియం పోస్తే ఈనిన తర్వాత వచ్చే వణుకు జబ్బు ఇంకా సులువుగా వస్తుంది, తగ్గదు.

ఇంట్లోనే వండి పెట్టే కుక్కలకు మాత్రం సప్లిమెంట్ తప్పదు, అయితే ఏదో ఒకటి కాదు, ఆ వంటకు లెక్కగట్టిన సప్లిమెంట్. డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళే 2013లో పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి 200 వంటకాలు తీసుకుని లెక్కలు వేశారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక్క ముఖ్యమైన పోషకమైనా తక్కువ పడింది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. మా అమ్మ చేసినట్టు చేత్తో కొలిచి చేస్తే కుక్కకు కుదరదు. మీరెప్పుడైనా వండి పెట్టాలనుకుంటే పోషణ చదివిన వెటర్నరీ డాక్టర్ చేత గ్రాముల్లో రాయించుకోండి.

మీ దగ్గర మిగిలిన సీసాలు పెట్ షాపు అతను వెనక్కి తీసుకోడు, గొడవపడకండి. అతనూ కావాలని చేసి ఉండడు, అందరూ కొంటారు కాబట్టి అమ్ముతాడు. అలాగని వీధి కుక్కలకు పోసి పుణ్యం కట్టుకోవద్దు, వాటి కిడ్నీలూ కిడ్నీలే.

మిన్నుకి కొత్త ఫుడ్ ఒక్కసారిగా పెట్టకండి. పాత అన్నంలో పావు వంతుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి. కాస్త గోరువెచ్చటి నీళ్ళు చిలకరిస్తే వాసన లేస్తుంది, పిల్లికి వాసనే రుచి. మొండికేస్తుంది, వేస్తే మీరు కూడా పంతానికి పోయి ఆకలేస్తే అదే తింటుందిలే అనుకోకండి. కుక్క విషయంలో ఆ మాట చెల్లుతుంది కానీ పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే దాని లివర్‌లో కొవ్వు నిండిపోతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మళ్ళీ ఆ పెరుగన్నమే కాస్త పెట్టి, మర్నాడు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.